జావళి: మాటకు దగ్గరి పాట

జావళి తెలుగులో ప్రసిద్ధమైన శృంగార గేయం. 19వ శతాబ్దంలో మైసూరు, తంజావూరు, మద్రాసు ప్రాంతాల నాట్యసభల్లో, సంగీత గోష్ఠుల్లో ఇది బాగా వ్యాపించింది. కన్నడంలోనూ జావళులున్నా, తమిళ దేశంలో వెలసిన వాటిలో అధికభాగం తెలుగువే. నాట్యగురువులైన తంజావూరు సోదరులలో ఒకరు చిన్నయ్య, పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్, తిరుప్పనందాళ్ పట్టాభిరామయ్య, ధర్మపురి సుబ్బరాయర్ ప్రసిద్ధ జావళీకర్తలు. పట్టాభిరామయ్య ముద్ర, అంటే పాటలో వేసుకునే సంతకం, ‘తాళవనేశ’. సుబ్బరాయర్ తన ఊరి పేరునే ముద్రగా వాడుకున్నాడు.

జావళి పదమనే గేయరూపానికి చెల్లెలు. 17వ శతాబ్ది క్షేత్రయ్య పదం విలంబ కాలంలో నడుస్తుంది. దాని నాయకుడు కృష్ణుడైన మువ్వగోపాలుడు కాబట్టి శృంగారం వెనుక భక్తి ఉందని చెప్పుకునే వీలుంది. జావళి నడక చురుకైనది. ఇందులోని నాయకుడు చాలాచోట్ల మామూలు మనిషి. అతని మీది కోపానికీ, కోరికకూ వేదాంతపు ముసుగు అక్కరలేదు.

నిర్మాణం పల్లవి, అనుపల్లవి, చరణాలుగా ఉంటుంది. ఆది, రూపక, చాపు తాళాలు ఎక్కువ. భాష వాడుకకు దగ్గరది. సమాసాలు తక్కువ, సంబోధనలు ఎక్కువ. చాలా పాటల్లో సంభాషణ ఒక వైపు మాత్రమే వినిపిస్తుంది. సుబ్బరాయర్ రచనల్లో ఈ పద్ధతి స్పష్టం. ‘పరులన్న మాట’లో నాయిక నేరుగా ప్రియుడితో మాట్లాడుతుంది, చాడీలు నమ్మవద్దంటుంది. ‘సఖి ప్రాణ’లో చెలికత్తెతో మొరపెట్టుకుంటుంది. ‘అది నీపై’లో చెలికత్తె నాయకుడి దగ్గరకు వెళ్లి నాయిక వలపు తెలియజేస్తుంది. ఎదుటివారి జవాబు పాటలో ఉండదు. దాన్ని ప్రేక్షకుడికి అందించాల్సింది నర్తకి కళ్లూ, చేతులే. అందుకే అభినయంలో పల్లవి పదేపదే తిరిగి వస్తుంది. ఒకే మాట ఒకసారి నిష్ఠూరంగా, మరోసారి బతిమాలడంగా, ఇంకోసారి ఎత్తిపొడుపుగా మారుతుంది.

రాగాల ఎంపికలోనూ ఈ తేలికదనం కనిపిస్తుంది. ఖమాస్, కాపీ, బేహాగ్, పరజు, ఝుంఝూటి వంటి రాగాలు జావళికి ఇష్టమైనవి. వీటిలో కొన్నింటిపై హిందుస్తానీ ఛాయ ఉంది. రంజకత్వం కోసం రాగానికి చెందని అన్యస్వరాలను తాకే స్వేచ్ఛ జావళికి ఉంది. ఖమాస్‌లో కాకలి నిషాదమనే అన్యస్వరం వినిపించడానికి జావళులే కారణమని సంగీతజ్ఞుల అభిప్రాయం. ఇంగ్లీషు, తెలుగు మాటలు కలగలిపిన జావళులు సైతం పుట్టడం ఆ కాలపు పట్టణ రుచికి నిదర్శనం.

అదే శతాబ్దంలో అమెరికాలో స్టీఫెన్ ఫాస్టర్ (1826–1864) ఇళ్లలో పియానో దగ్గర పాడుకునే పాటలు రాశాడు. సులభమైన బాణీ, నిత్యవ్యవహారపు భాష, ఒకే భావం మీద నిలిచే పల్లవి ఆ పాటలకూ జావళికీ ఉమ్మడి సొత్తు. అయితే ఫాస్టర్ పాటలు అచ్చయిన స్వరపత్రాలుగా దుకాణాల్లో అమ్ముడయ్యాయి. జావళి మాత్రం ప్రధానంగా దేవదాసీ, కలావంతుల కుటుంబాల గొంతుల్లో బతికింది.

ఆ కుటుంబాలపై ఆధారపడటమే తర్వాత జావళి కష్టానికి కారణమైంది. కందుకూరి వీరేశలింగం వంటి సంస్కర్తలు ఈ కళాకారిణుల నాట్య ప్రదర్శనలైన భోగం మేళాలను గట్టిగా వ్యతిరేకించారు. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ వ్యవస్థను చట్టంతో నిషేధించింది. స్త్రీలను దోపిడీ నుంచి కాపాడడం ఆ సంస్కరణోద్యమ లక్ష్యం. కానీ వారి విద్యకు వేదిక కూడా దాంతోనే పోయింది. సుబ్బరాయర్‌తో స్నేహం ఉన్న వీణ ధనమ్మాళ్ (1867–1938) కుటుంబం జావళులను కాపాడింది. ఆమె మనవరాళ్లలో బృంద, ముక్త వాటిని కచేరీల్లో పాడగా, బాలసరస్వతి అభినయంలో నిలబెట్టింది. బృంద స్వరలిపి కూర్చిన జావళులను మద్రాసు మ్యూజిక్ అకాడమీ పుస్తకంగా వెలువరించింది. తెలుగునాట నటరాజ రామకృష్ణ కలావంతుల కళను ఆంధ్రనాట్యం పేరుతో మళ్లీ వేదికెక్కించాడు. కూచిపూడి ప్రదర్శనల్లోనూ జావళికి చోటుంది.

నేటి కచేరీలో జావళి చివరన, తేలిక పాటల వరుసలో వస్తుంది. ఆ స్థానాన్ని బట్టి దాని విలువను తక్కువగా లెక్కగట్టడం పొరపాటు. కొద్ది మాటల్లో ఒక మనిషిని, ఆ మనిషి ఉన్న పరిస్థితిని, పలకని జవాబును కూడా చూపగల తెలుగు గేయరూపాల్లో జావళిది ముందువరుస.