చూరు నీళ్లు ఎటు?

మండువా లోగిలి అంటే నడుమ ఆకాశం కనిపించే ఇల్లు. నాలుగు పక్కలా గదులు, వాటి ముందు వసారాలు, లోపలికి వాలిన పెంకుల చూరు, దాని కింద ఒక మెట్టు పల్లంగా నాపరాళ్లు పరిచిన జాగా. ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల పాత ఊళ్లలో ఇలాంటివి ఇంకా కొన్ని మిగిలాయి. కేరళ నాలుకెట్టు దీనికి దగ్గరి చుట్టం. ప్రాచీన రోమన్లు కూడా నడిమి గది పైకప్పులో ఖాళీ వదిలి, కింద వాన నీటికి తొట్టి కట్టుకునేవారు.

ఇందులో పచ్చదనం నీటి వెంటే నడుస్తుంది. చూరు నీళ్లు మండువాలో పడి తూము గుండా పెరట్లోకి పోతాయి. నూతి పళ్లెం దగ్గర స్నానాల నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లదీ అదే దారి. ఆ తడిలో అరటి, కంద, పసుపు. కాస్త ఎడంగా కరివేపాకు, కొబ్బరి. మండువాలో మాత్రం తులసికోట, మహా అయితే ఒక మల్లె పాదు. లోపల ఇంతకు మించి నాటితే గదులకు వెలుతురు తగ్గుతుంది.

చల్లదనం ఏడాది పొడవునా ఒకేలా రాదు. వైశాఖపు వడగాలికి, తడిపిన నాపరాళ్లు ఆరుతూ ఇంటిని చల్లబరుస్తాయి. వేడిగాలి నడిమి ఖాళీ గుండా పైకి పోతుంది. భాద్రపదం ఉక్కలో ఆ లెక్క చెల్లదు. గాలి నిండా తేమే ఉంటే తడి నేల ఏం ఆరుతుంది? అప్పుడు ఆదుకునేది వీధి తలుపుకు సూటిగా ఉన్న పెరటి తలుపే. అవి ఎదురెదురుగా ఉండటం ఒక్క వాస్తు కోసమే అనుకుంటే పొరపాటు.

నేల కూడా షరతులు పెడుతుంది. ఏలూరుకు, తాడేపల్లిగూడేనికి ఉత్తరాన ఎర్రనేలల మెట్ట, దక్షిణాన కొల్లేటి వైపు నల్లమట్టి. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలిస్తుంది. అక్కడ గోడ వారన రావి, వేప పెంచితే వేళ్లు తడి పీల్చేసి, పునాది కింద మట్టి కుంగి గోడ పగులుతుంది. కాబట్టి పెద్ద చెట్టు పెరటి చివర, గోడ దగ్గర మందారం, నందివర్ధనం. కొల్లేటి లంకల్లో జాగా మరీ ఇరుకు. ఊరే మెరక మీద ఉంటుంది. బుడమేరు, తమ్మిలేరు పొంగితే చుట్టూ నీళ్లే. మెరక ఎంతవరకు ఉంటే పెరడు అంతవరకే.

ఇప్పటి డూప్లెక్సుల్లో మండువా మళ్లీ కనిపిస్తోంది, పైన గాజో పాలీకార్బొనేట్ షీటో కప్పుకుని. దొంగల భయం, కోతుల బెడద, దోమలు: ఏదీ తీసిపారేసే కారణం కాదు. అయితే ఆ కప్పు కింద ఎండ చేరుతుంది గాని వేడి బయటికి పోదు. కడియం నర్సరీలో నిగనిగలాడిన మొక్క ఇక్కడ వడలిపోతే నర్సరీవాళ్లను తిట్టి లాభం లేదు. షీటు చుట్టూ అడుగు ఎత్తున ఖాళీ వదిలి ఊచలూ దోమతెరా బిగిస్తే గాలి ఆడుతుంది. అసలు షీటే లేకుండా ఊచలతో సరిపెడితే మరీ మంచిది. వాన కూడా లోపలికి వస్తుంది.

ఇల్లు కట్టబోయేవారు మొక్కల జాబితా రాసుకునే ముందు మేస్త్రీని ఒక మాట అడగాలి: చూరు నీళ్లు ఎటు పోతాయి?