రెండు మెట్ల మధ్య శంకరాభరణం

మా గరాజ్‌లో మూడు అట్టపెట్టెలున్నాయి. ఒకదాన్లో వీడియో కేసెట్లు, ఇంకోదాన్లో వీసీడీలు, మూడోదాన్లో డీవీడీలు. అన్నీ కలిపి రెండువందల పైచిలుకు తెలుగు సినిమాలు. సిడ్నీలో ఇప్పటికి నాలుగుసార్లు ఇల్లు మారాం. మేం మారినప్పుడల్లా ఇవీ మాతోబాటే మారాయి. ఐదోసారి మారబోతూంటే మా ఆవిడ తేల్చి చెప్పింది: "ఏవండీ, వీటిని కొత్తరకంలోకన్నా మార్పించండి, లేదా పారెయ్యండి. రెండూ చెయ్యకుండా మోస్తూ తిరగడం మాత్రం ఇంక నావల్ల కాదు." మా అమ్మాయి ఇంకా తేలిగ్గా తీర్పిచ్చేసింది: "నాన్నా, ఇవన్నీ యూట్యూబులో ఉన్నాయి కదా!"

ఇద్దరి మాటా సబబే. కాని పాతికేళ్ళుగా సాఫ్ట్‌వేర్ రాసుకు బతుకుతున్న నాకో జబ్బు అంటుకుంది. "కొత్త వెర్షను" అని ఎవరైనా అనగానే, ఇందులో కొత్తగా ఏం వచ్చింది అని కాకుండా, పాతదాంట్లోంచి ఏం పోయింది అని వెతుకుతాను. ఆ వెతుకులాటే ఈ వ్యాసం. ఏ సినిమా గొప్పది అన్న పేచీ ఇక్కడ లేదు. ఒక సినిమా ఒక రూపంలోంచి ఇంకో రూపంలోకి వచ్చాక మన ముందుండేది అదే సినిమానా, కాదా అన్నదే ప్రశ్న.

ముందు కాసిని లెక్కలు. వీసీడీలో బొమ్మ 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు. మన ఇండియాలోనూ ఇక్కడ ఆస్ట్రేలియాలోనూ వాడిన పాల్ పద్ధతి డీవీడీలో 720, 576. అంటే నాలుగు రెట్లు. బ్లూరే 1920, 1080. డీవీడీకి అయిదు రెట్లు. ఫోర్‌కే అంటే దానికి మళ్ళీ నాలుగు రెట్లు. వీసీడీ నుంచి ఫోర్‌కేకి వెళితే చుక్కలు ఎనభై రెట్లు పెరుగుతాయన్నమాట. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. కాని ఇవన్నీ గిన్నె కొలతలు, పాల కొలతలు కావు. గిన్నె పెద్దదైనంత మాత్రాన పాలు పెరగవు. నీళ్ళు కలిపితే పెరుగుతాయి. పాత వీడియో టేపుని తీసుకుని కృత్రిమ మేధతో ఫోర్‌కే చేశామని చెప్పేవాటిలో చాలామటుకు ఆ నీళ్ళే. ఫిల్ముమీది సన్నటి ఇసకలాంటి పొడిని మరకనుకుని తుడిచేస్తారు. దాంతోపాటే సూర్యకాంతం నుదుటి ముడతలూ పోతాయి. మిగిలేవి మైనపు మొహాలు.

అసలు పాలు 35 మిల్లీమీటర్ల నెగటివులో ఉంటాయి. అది బతికుండి, దాన్ని నేరుగా స్కాన్ చేస్తే ఫోర్‌కే అన్న మాటకి అర్థం ఉంది. బతికుంటేనే. మద్రాసు ఉక్కలో అసిటేటు ఫిల్ము పులిసి వెనిగరు వాసన కొడుతుంది. అంతకుముందుది నైట్రేటు ఫిల్ము, అది నిప్పంటుకుంటే ఆర్పడం ఎవరి తరమూ కాదు; 2003 జనవరిలో పూనాలో జరిగిన అగ్నిప్రమాదంలో అలాంటి రీళ్ళు వేలల్లో తగలబడిపోయాయి. హెచ్.ఎం. రెడ్డి తీసిన మన మొదటి టాకీ, 1932 నాటి 'భక్త ప్రహ్లాద', ఇవాళ చూద్దామంటే లేదు. ఈ దేశంవాళ్ళకీ అలాంటి గాయమే ఉంది. 1906లో మెల్బోర్న్‌లో విడుదలైన 'ద స్టోరీ ఆఫ్ ద కెల్లీ గ్యాంగ్' గంటకి పైగా నడిచిన సినిమా. అందులో దొరికిన ముక్కలన్నీ ఏరి కూర్చి, 2006లో బాగుచేస్తే పదిహేడు నిమిషాలు తేలింది. ఆ పదిహేడు నిమిషాలనే కళ్ళకద్దుకుని దాచుకున్నారు. మనకి ప్రహ్లాదుడి విషయంలో ఆ పదిహేడూ లేవు. కాబట్టి పాత సినిమాని కొత్తరూపంలోకి తేవడమే తప్పని వాదించేవాణ్ణి కాను. తెచ్చే పద్ధతిమీదే నా పేచీ అంతా.

'మాయాబజార్' సంగతే చూడండి. 1957లో కె.వి. రెడ్డి తీసిన ఈ చిత్రానికి మార్కస్ బార్‌ట్లే ఛాయాగ్రహణం. హైదరాబాదు కంపెనీ గోల్డ్‌స్టోన్ దీనికి రంగులద్ది 2010 జనవరి 30న విడుదల చేసింది. వేల గ్రేడుల బూడిదరంగుకి వేల రంగులు వెతకడం ఇంజనీరుగా నాకు చేతులు జోడించాల్సిన పని. మా అమ్మాయి ఎనిమిదేళ్ళప్పుడు కదలకుండా కూచుని ఆ సినిమా మొత్తం చూసిందంటే ఆ రంగుల పుణ్యమే. ఆ పుణ్యం కాదనను. కాని వెన్నెల్లో పడవ పాట తీసుకోండి. బార్‌ట్లే అక్కడ వెన్నెల్ని తెలుపుతో తయారుచెయ్యలేదు, నలుపుతో చేశాడు. ఎంత చీకటి ఉంచితే నీళ్ళమీది మెరుపు వెన్నెలగా కనిపిస్తుందో ఆయనకి తెలుసు. రంగులొచ్చాక కన్ను చీర రంగు దగ్గరా నగల దగ్గరా ఆగిపోతుంది. వెన్నెల నేపథ్యంలోకి వెళ్ళిపోతుంది. రంగులది చదవడానికి తేలికైన ప్రతి, అంతే. తేలిక ప్రతి ఇంట్లో ఉండొచ్చు. దాన్ని చూసి మూలప్రతిని చెత్తబుట్టలో వెయ్యకూడదు. మా పెట్టెలోని నలుపు తెలుపు డీవీడీ అందుకే ఉంటుంది.

ఇంకో బాధ కూడా ఉంది. ఈ పాత సినిమాల చట్రం దాదాపు చదరం. వెడల్పు టీవీకి అటూ ఇటూ నల్లపట్టీలు కనపడకూడదని పైనా కిందా కోసి నింపుతారు. అలా కోస్తే బొమ్మలో దాదాపు నాలుగోవంతు పోతుంది. ఘటోత్కచుడు పెళ్ళివంటల ముందు కూచున్నాడంటే ఆయన కిరీటమన్నా పోవాలి, ముందున్న లడ్డూలన్నా పోవాలి. యూట్యూబులో ఉంది కదా అన్నప్పుడు మా అమ్మాయికి నేను చెప్పిన జవాబు ఇదే: "ఉందమ్మా, ముప్పాతికవంతు ఉంది."

2025 నవంబరులో 'శివ'ని ఫోర్‌కేలో మళ్ళీ విడుదల చేశారు. 1989లో వచ్చినప్పుడు ఆ సినిమా శబ్దం తెలుగువాళ్ళ చెవులకే కొత్త. ఆ శబ్దమంతా ఒకే ఒక్క మోనో ట్రాకులోంచి వచ్చిందే. ఇప్పుడు దాన్ని డాల్బీ అట్మాస్‌గా విడదీశారు. బొమ్మ శుభ్రపడింది, సంతోషం. శబ్దం మాత్రం నా దృష్టిలో శుభ్రపడటం కాదు, కొత్తగా పుట్టడం. సైకిల్ చెయిను తెగిన చప్పుడు ఎటువైపు నుంచి రావాలో 1989లో ఎవరూ నిర్ణయించలేదు, ఇప్పుడు నిర్ణయించారు. అది తప్పని అనను. పాత మోనో ట్రాకుని కూడా పక్కన ఉంచి, ఏది వినాలో నాకు వదిలెయ్యమంటాను. మేం సాఫ్ట్‌వేర్లో పాత వెర్షన్ని చెరిపేసి కొత్తది పెట్టం కదా!

ఇంకో చివర జంధ్యాల ఉన్నాడు. 'అహ నా పెళ్ళంట' వీసీడీ మా ఇంట్లో అరిగిపోయింది. కోట శ్రీనివాసరావు వేలాడదీసిన కోడిని చూస్తూ అన్నం తినే ఘట్టానికి ఎనభై రెట్ల చుక్కలు ఎందుకు? కోడిని చూస్తూ కూర తిన్నట్టు అనుకోవడమే ఆయన పద్ధతయినప్పుడు, మసక బొమ్మని చూస్తూ స్పష్టత ఉన్నట్టు అనుకోవడం ప్రేక్షకుడిగా నా ధర్మం. మాటమీద నిలబడ్డ సినిమాలకి మాట వినపడితే చాలు. ఈ ఒక్క సూత్రంతో సగం పెట్టె తేలిపోయింది.

ఇక 'శంకరాభరణం' దగ్గరికి వస్తున్నాను. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

మా నాన్నగారికి హార్మోనియం పిచ్చి. నేను కాకినాడలో ఇంజనీరింగు చదివే రోజుల్లో దూరదర్శన్ 'శంకరాభరణం' వేస్తే విసియార్‌లో రికార్డు చేశాం. ఆ పాటల ఆడియో కేసెట్టు అప్పటికే ఇంట్లో ఉండేది. దానితోపాటు నాన్న హార్మోనియం వాయించుకునేవారు. కాని వీడియో వేసుకుని వాయించబోతే కుదిరేది కాదు. ఈ మెట్టు నొక్కితే తక్కువ, పక్కమెట్టు నొక్కితే ఎక్కువ. "శాస్త్రిగారి శ్రుతి రెండు మెట్ల మధ్య ఇరుక్కుందిరా" అని నవ్వేవారు. విసియారు చెడిందేమోనని నేను హెడ్డు తుడిచాను, బెల్టు చూశాను. లాభం లేకపోయింది. ఇంజనీరింగు చదువుతూ ఇది పట్టుకోలేకపోయానన్న చిన్నతనం చాన్నాళ్ళుంది.

సంగతి తెలిసేసరికి నేను సిడ్నీలో ఉన్నాను. సినిమా సెకనుకి 24 బొమ్మలతో తీస్తారు. పాల్ పద్ధతి టీవీ సెకనుకి 25 బొమ్మలతో నడుస్తుంది. తేలికైన మార్గం ఏమిటంటే, సినిమాని కాస్త తొందరగా తిప్పేయడం. నూటికి నాలుగువంతులు తొందర. 143 నిమిషాల సినిమా 137 నిమిషాల్లో అయిపోతుంది. శ్రుతి సరిచేసే యంత్రాలు పెట్టకపోతే, శబ్దం కూడా పైకి వెళుతుంది. ఎంతంటే, ఒక మెట్టుకీ పక్కమెట్టుకీ ఉన్న దూరంలో నూటికి డెబ్బైవంతులు. నాన్న చెవి తప్పలేదు, విసియారూ చెడలేదు. శ్రుతి నిజంగానే రెండు మెట్ల మధ్య ఉంది.

అమెరికావాళ్ళ పద్ధతి వేరు. అక్కడ కొన్ని బొమ్మల్ని రెండోసారి చూపించి లెక్క సరిపెడతారు కాబట్టి వేగం దాదాపు మారదు. వాళ్ళకోసం అచ్చువేసిన డీవీడీలో గీతలు తక్కువ, 576కి బదులు 480. కాని శ్రుతి సరైనది. మా పెట్టెలో రెండురకాలవీ ఉన్నాయి. ఏది మేలైన ప్రతి? కంటికొకటి, చెవికొకటి. పెళ్ళిచూపుల్లో కూతురు ఒక్క స్వరం తప్పితే అందరి ముందూ గర్జించిన మనిషి కథకి చెవి మాట వినకపోతే ఎలా? న్యాయంగా చెప్పాలంటే, ఈ తొందరవల్ల రాగం చెడదు. స్వరాల మధ్య దూరాలు అలాగే ఉంటాయి. మారేది ఆధారశ్రుతి, సోమయాజులుగారి గొంతు బరువు, విశ్వనాథ్ గారు కొలిచి పెట్టిన మౌనాలు. పాతికసెకన్ల మౌనం ఇరవైనాలుగు అవుతుంది. కొత్త తరం రూపాలు సెకనుకి 24 బొమ్మల్నే అలాగే చూపించగలవు. పాత పాల్ టేపునే తీసుకుని పెద్ద గిన్నెలో పోస్తే మాత్రం ఆ నాలుగువంతుల తొందర అందులోకీ వస్తుంది. 2022 నవంబరులో గోవా చిత్రోత్సవంలో బాగుచేసిన 'శంకరాభరణం' ప్రదర్శించారు. అలాంటి ప్రతి డిస్కుగా చేతికొస్తే రెండోసారి, మూడోసారి కూడా డబ్బు పెట్టి కొనే సినిమా నాకిదొక్కటే.

అలాగైతే ఆ పాత వీడియో కేసెట్టుని పారెయ్యొచ్చు కదా? అక్కడే చెయ్యి ఆగింది. 180 నిమిషాల టేపులో సినిమా పోగా మిగిలిన చోట మస్కట్ నుంచి వచ్చిన మా మావయ్య తన కామ్‌కార్డరుతో తీసిన బొమ్మ కాపీ ఉంది. నాన్న వరండాలో కూచుని అదే పాటలు వాయిస్తున్నారు. పదకొండు నిమిషాలు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఆయన వాయిస్తూండగా తీసిన బొమ్మ మాకు ఇంకెక్కడా లేదు.

కాన్‌బెర్రాలోని జాతీయ చలనచిత్ర, ధ్వని భాండాగారం 2015లోనే హెచ్చరించింది: 2025 లోపల డిజిటల్‌లోకి ఎక్కని టేపులు చాలామటుకు శాశ్వతంగా పోయినట్టేనని. టేపు ఒక్కటే కాదు, ఆడించే యంత్రం, దాని విడిభాగాలు, బాగుచెయ్యడం తెలిసిన మనిషి, అన్నీ ఒకేసారి కరువవుతాయన్నది వాళ్ళ వాదన. ఆఖరి విసియార్ తయారీదారు ఫునాయ్ 2016 జూలైలో ఆపేసింది. ఆ గడువూ దాటిపోయింది. ఇక్కడి కాపీరైటు చట్టానికి 2006లో చేసిన సవరణ, సొంత వీడియో టేపుని స్వంతానికి డిజిటల్ చేసుకోనిస్తుంది. ఆ టేపు దొంగప్రతి కాకూడదు, డీవీడీలకి ఆ వెసులుబాటు లేదు. నా టేపులో సినిమా భాగం ఏ కోవలోకి వస్తుందో లాయర్లు చెప్పాలి. నాన్న భాగం మాత్రం మాదే.

టేపు ఇచ్చిన చోట ఆ కుర్రాడు శ్రద్ధగలవాడు. సినిమా శ్రుతి ఎక్కువుందని చెబితే, "మొత్తం ఫైలుని నాలుగువంతులు నెమ్మది చేసి ఇస్తాను" అన్నాడు. ఔనబోయి ఆగాను. సినిమాని తొందరగా తిప్పారు. నాన్నని ఎవరూ తొందరగా తిప్పలేదు. ఆయన్ని కెమెరా నేరుగా 25 బొమ్మలతోనే పట్టింది. మొత్తాన్ని సరిచేస్తే సినిమా దారిలో పడుతుంది, నాన్న హార్మోనియం దిగిపోతుంది. ఒకే టేపుమీద రెండు కాలాలున్నాయి. ఒకే మందు రెంటికీ వెయ్యకూడదు.

ఉన్నదున్నట్టు ఇప్పించుకుని ఇంటికొచ్చి రెండు ముక్కలు చేశాను. మొదటి ముక్కని నెమ్మది చేశాను. రెండోదాన్ని ముట్టుకోలేదు. ఆ రాత్రి రెండూ పక్కపక్కన వేసుకుని విన్నాను. శాస్త్రిగారి షడ్జమం, నాన్న నొక్కిన మెట్టూ ఒక్కటే. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి కాసేపు నిలబడి, "మామయ్యగారు బాగా వాయించేవారు" అంది.

ఐదో ఇంటికి ఒక్క పెట్టే వెళుతోంది. మాటల సినిమాలు ఎలా ఉన్నవి అలాగే. నలుపు తెలుపు 'మాయాబజార్', రంగులదానికి పక్కనే. 'శంకరాభరణం' 480 గీతలదే, మంచి ప్రతి వచ్చేదాకా. మిగతావి అడిగినవాళ్ళకి ఇచ్చేశాను. బొమ్మ తీసుకున్నా టేపు మాత్రం పారెయ్యలేదు. దానిమీద నాన్న చేతిరాతతో సినిమా పేరు రాసి ఉంది.