పసిపాప విప్పిన ముడి: కళాపూర్ణోదయంలో కథల కలనేత

పింగళి సూరన కళాపూర్ణోదయంలో కథ సగానికి వచ్చాక ఒక కొలువు దృశ్యం ఉంది. కళాపూర్ణుడనే రాజు నిండు సభలో కూర్చుని ఉంటాడు. మదాశయుడు, రూపానుభూతి దంపతులు తమ పసిబిడ్డ మధురలాలసను అక్కడికి తెస్తారు. రాజు ముచ్చటపడి తన రత్నహారాన్ని ఆ పాప మెడలో వేయిస్తాడు. హారం నడిమి మణి గుండెకు తగిలిందో లేదో, ఇంకా మాటలు రాని ఆ బిడ్డ పెద్దవాళ్ల భాషలో తన పూర్వజన్మ చెప్పడం మొదలుపెడుతుంది. ఊరికే నాలుగు ముక్కలు పలికి ఊరుకోదు. అప్పటిదాకా కావ్యంలో విడివిడిగా నడిచిన ప్రేమకథ, సిద్ధుడి కథ, దేవతల కథ, ఒక మామూలు మొగుడూ పెళ్లాల కథ అన్నీ ఒకే కథ ఎలా అయ్యాయో ఆ నోటితోనే మనకు తెలుస్తుంది.

ఇప్పుడు మనం సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ, మిస్టరీ, హారర్ అని అరలు కట్టుకున్నాం. ఒక రచయిత రెండు అరల్లోంచి చెరో పిడికెడు తీసి కలిపితే కొత్తదనం అంటున్నాం. సూరన 16వ శతాబ్దం వాడు. కృష్ణరాయల అష్టదిగ్గజాల్లో ఒకడని జనశ్రుతి ఉన్నా, ఈ కావ్యాన్ని అంకితం పుచ్చుకున్నవాడు నంద్యాల కృష్ణరాజు. తెలుగులో పురాణాల నుంచి, సంస్కృతం నుంచి కథ తెచ్చుకుని పెంచడమే పద్ధతిగా ఉన్న రోజుల్లో, కొత్త కథ కల్పించి ఎనిమిది ఆశ్వాసాలు నడిపాడు. అందులో ఎన్ని రకాల కథలున్నాయో లెక్కపెట్టడం తేలికే. నన్ను కట్టిపడేసేది వాటి మధ్య అతుకులు. ఒక రకం కథలో పుట్టిన ప్రశ్నకు అదే రకం కథలో జవాబు దొరకనివ్వడు సూరన. జవాబు కోసం మరో రకం కథలోకి వెళ్లక తప్పదు. అతని పనితనం అంతా అక్కడే ఉంది.

మొదటి ఆశ్వాసం చూడండి. ద్వారకలో వసంతం. కలభాషిణి అనే వేశ్య చెలులతో తోటలో ఉయ్యాల ఊగుతోంది. పైన ఆకాశంలో నలకూబరుడూ రంభా విమానంలో పోతున్నారు. అటే నారదుడు, వెంట శిష్యుడు మణికంధరుడు. ఇంతవరకు ఏ ప్రబంధంలోనైనా కనిపించే సరంజామానే. కానీ ఆ మాటల సందడిలో కళాపూర్ణుడి కథ అన్న ప్రస్తావన ఒకటి జారిపడుతుంది. ఎవరా కళాపూర్ణుడు? ఎవరూ విప్పి చెప్పరు. కలభాషిణికి ఆరాటం మొదలవుతుంది, ఆమెతోపాటు మనకూ. శృంగార ప్రబంధం నట్టింట అపరాధ పరిశోధన కథ వచ్చి కూర్చుందన్న మాట. పాఠకుడు ఆ పేరు పట్టుకుని ఆశ్వాసం తర్వాత ఆశ్వాసం తిప్పుతూనే ఉంటాడు. నారదుడి సంగీత విద్య, తుంబురుడితో పోటీ, కృష్ణుడి దేవేరుల దగ్గర శిక్షణ ఇవన్నీ మధ్యలో వస్తాయి. వాటిలో మునిగినప్పుడు ప్రశ్న మరుగున పడ్డట్టు ఉంటుంది. పడదు.

తర్వాత కథ రంగు పూర్తిగా మారిపోతుంది. మణిస్తంభుడనే సిద్ధుడు సింహమెక్కి వస్తాడు. దూరాన జరిగేవి కనే, వినే శక్తి అతనికుంది. నలకూబరుడి మీద మనసుపడ్డ కలభాషిణిని సింహం మీద ఎక్కించుకుని అడవిలోని మృగేంద్రవాహన గుడికి తీసుకుపోతాడు. ప్రేమ కోసం బయల్దేరిన పిల్ల బలిపీఠం ముందు తేలుతుంది. ఇది భయం కథ. అక్కడ సుముఖాసత్తి అనే ముసలామె అడ్డుపడుతుంది. ఆ తర్వాత వచ్చేది మారువేషాల కథ. కలభాషిణికి రంభ రూపం ధరించే వరం ఉంది. తపస్సు చెడిన మణికంధరుడు నలకూబరుడి రూపంలో ఉన్నాడు. ఆమె అతన్ని నలకూబరుడే అనుకుంటుంది, అతను ఆమెను రంభే అనుకుంటాడు. ఇద్దరూ మోసపోయారు, ఇద్దరూ మోసం చేశారు. అసలు రంభ వచ్చి తన రూపాన్ని ఎదురుగా చూసుకున్నప్పుడు పుట్టే గొడవలో నవ్వు ఉంది, దిగులూ ఉంది. ఏది ఎక్కువో తేల్చి చెప్పకుండా సూరన రెంటినీ ఉంచేశాడు. ఎవరి రూపాన్ని ప్రేమిస్తున్నాం, ఎవరిని ప్రేమిస్తున్నాం అన్న ప్రశ్న అక్కడ పాత్రల మీద పడుతుంది. ఉపన్యాసం ఒక్క ముక్క లేదు.

ఈ వింతలన్నిటి నడుమ శాలీనుడు, సుగాత్రి కథ వస్తుంది. కావ్యం మొత్తంలో నేను పదే పదే తెరిచే చోటు ఇదే. కాశ్మీరంలో శారదాపీఠం. అక్కడి అర్చకుడి కూతురు సుగాత్రి, ఇల్లరికం వచ్చిన అల్లుడు శాలీనుడు. పెళ్లయింది కానీ కాపురం కాలేదు. అలంకరించుకుని గదిలోకి వచ్చిన భార్యను చూస్తే శాలీనుడు ముడుచుకుపోతాడు. చెలులు ఇంకా నగలు పెట్టి, ఇంకా ముస్తాబు చేసి పంపుతారు. అతను ఇంకా దూరం జరుగుతాడు. అల్లుడు పనికిరానివాడని అత్తగారికి కోపం. శాలీనుడికి మాత్రం అమ్మవారి పూజకు పూలిచ్చే తోటే లోకం, పొద్దస్తమానం అక్కడే పని. ఒకరోజు పెద్ద వాన పడుతుంది. తోటలో ఉన్న మొగుడు ఏమయ్యాడోనని సుగాత్రి ఉన్న చీరతో పరుగెత్తుతుంది. నగలు లేవు. జుట్టు ముడేసుకుని, కొంగు బిగించి అతనితోపాటు తోటపనిలోకి దిగుతుంది. ఆ చెమటలో, ఆ బురదలో, ఆ పనిలో ఆమెను చూసి శాలీనుడికి మొదటిసారి కోరిక కలుగుతుంది.

ఇందులో దేవతలు లేరు, వరాలు లేవు, ఎగిరే సింహాలు లేవు. ఇల్లరికపు మగవాడి బిడియం, పని చేసే మనిషి పని చేసే మనిషిని ఇష్టపడటం ఉన్నాయి. ప్రబంధ కవులకు ఆడదాని అందమంటే నగల జాబితా. సూరనకు ఆ జాబితా రాయడం చేతకాక కాదు, మిగతా చోట్ల పుష్కలంగా రాశాడు. ఇక్కడ మాత్రం ఆ జాబితానే అడ్డంకిగా నిలబెట్టాడు. నగలు తీసేశాకే మనిషి కనిపించింది. భాష కూడా ఇక్కడ నేల మీదికి దిగుతుంది. వాస్తవ కథ రాస్తున్నప్పుడు వాస్తవ కథకుడి కళ్లు పెట్టుకోవాలని అతనికి తెలుసు. రెండు రకాల కథలు కలిపేవాళ్లు చాలామంది మొదటి రకం గొంతుతోనే రెండోదీ చెప్పేస్తారు. అప్పుడు రెండూ ఒకే పులుపు, ఒకే ఉప్పు.

ఇక అతుకు చూడండి. సింహమెక్కి తిరిగిన ఆ మణిస్తంభుడు ఎవరు? శాలీనుడే. గుడిలో అడ్డుపడిన ముసలమ్మ సుముఖాసత్తి? సుగాత్రే. భయం కథలో మనం చూసిన బలి ఇచ్చేవాడూ, కాపాడేదీ ఒకప్పుడు వానలో పక్కపక్కన మట్టి తవ్విన మొగుడూ పెళ్లాలు. భయం కథ మనకు వేసిన ప్రశ్నకు కాపురం కథ జవాబిచ్చింది. తెలిసిన తర్వాత వెనక్కి వెళ్లి గుడి ఘట్టం చదివితే అది అదే ఘట్టం కాదు.

ఒడిశాలో మా గంజాం జిల్లా హుమ్మ దగ్గర ఉప్పు మళ్లలో నీళ్లను ఒకేసారి ఎండబెట్టరు. ఒక మడిలో కొంత చిక్కబడ్డాక పక్క మడిలోకి వదులుతారు, అక్కడ ఇంకా చిక్కబడ్డాక మరో మడిలోకి. చివరి మడిలో గానీ ఉప్పు పేరుకోదు. సూరన కథ నడిపే తీరు అచ్చం ఇదే. ద్వారకలో కృష్ణుడు మణికంధరుడికి ఒక హారం ఇచ్చాడు. అప్పుడది గాయకుడికి దక్కిన బహుమానం, అంతకుమించి ఏమీ కాదు. ఆ హారం చేతులు మారుతూ, జన్మలు దాటుతూ కళాపూర్ణుడి మెడకు చేరుతుంది. అక్కడి నుంచి పాప మెడకు. ఆ రాజు ఎవరో కాదు, మణికంధరుడి తర్వాతి జన్మ. ఆ పాప కలభాషిణి తర్వాతి జన్మ. మొదటి ఆశ్వాసంలో కళాపూర్ణుడి కథ చెప్పమని బతిమాలిన అమ్మాయే ఇప్పుడు కళాపూర్ణుడి సభలో ఆ కథ తానే చెబుతోంది. అడిగినామె తానే జవాబు కావడానికి ఒక చావు, ఒక పుట్టుక మధ్యలో పడ్డాయి. పునర్జన్మను మన కవులు భక్తికి వాడారు, నీతికి వాడారు. కథ చిక్కు విప్పే పరికరంగా ఇంత లెక్కగా వాడినవాడు నాకు మరొకడు కనపడలేదు.

అసలు కథ అంతటికీ మొదలు బ్రహ్మలోకంలో ఉంది. బ్రహ్మ తన భార్య సరస్వతితో సరసంలో ఉండగా ఒక వింత కథ చెబుతాడు. కళాపూర్ణుడనే రాజుకు తల్లి మణిస్తంభుడు, తండ్రి సుముఖాసత్తి అని. మగవాడు తల్లేమిటి, ఆడది తండ్రేమిటి? భూలోకంలో ఆ మొగుడూ పెళ్లాలు ఆడామగా రూపాలు మార్చుకోవడంతో ఆ మాట అక్షరాలా నిజమవుతుంది. కానీ సరస్వతికి దాని లోగుట్టు వెంటనే తెలుస్తుంది. అందమైన ముఖం దగ్గరికి రావడం, మణుల స్తంభం, ఆ స్తంభంలో నిండు చంద్రుడిలా మెరిసిన ప్రతిబింబం. బ్రహ్మ చెబుతున్నది తమ ఇద్దరి సరసమే, పాత్రలుగా పేర్లు పెట్టి. పాప తల్లిదండ్రుల పేర్లు మదాశయుడు, రూపానుభూతి అని ఎందుకున్నాయో కూడా అప్పుడు వెలుగుతుంది. ఇద్దరు ప్రేమికుల మధ్య పరాచికంగా పుట్టిన కథ, చెప్పినవాడు సృష్టికర్త కాబట్టి, కింద లోకంలో మనుషులై పుట్టి, ప్రేమించి, చచ్చి, మళ్లీ పుట్టాల్సి వచ్చింది. కథలోని మనుషులు తాము కథ అని తెలుసుకునే నవలలను 20వ శతాబ్దంలో పెద్ద ప్రయోగంగా చదివాం. సూరన పాత్రలకు ఆ సంగతి నిండు సభలో, పసిపిల్ల నోట తెలుస్తుంది.

సూరనకు ఈ పనితనం ఒక్కసారిగా రాలేదు. ఇంతకుముందే రాఘవపాండవీయం రాశాడు. ఒకే పద్యం ఒక విధంగా చదివితే రామాయణం, మరో విధంగా చదివితే భారతం. ఆ రెండర్థాల సాము మాటల స్థాయిలో జరిగింది. కళాపూర్ణోదయంలో దాన్నే కథ స్థాయికి ఎక్కించాడు. ఒకే సంఘటన సరస్వతికి సరసం, కలభాషిణికి ప్రాణాంతకం. మా గంజాం వైపు పాఠకులకు ఇలాంటి సాము కొత్తేం కాదు. ఘుముసరం రాజవంశంలో పుట్టిన ఉపేంద్ర భంజ వైదేహీశ విలాసంలో ప్రతి పాదాన్నీ ‘బ’ అక్షరంతో మొదలుపెట్టాడు. బరంపురం విశ్వవిద్యాలయం ప్రాంగణానికి భంజవిహార్ అని ఆయన పేరే పెట్టుకున్నారు. 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఈ జిల్లాలో, ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడే మాలాంటివాళ్లకు ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టుకుని చదివే భాగ్యం ఉంది. భంజ గారడీ అక్షరాల్లో. సూరన గారడీ సంఘటనల్లో. నాకు రెండోదే గొప్పగా తోస్తుంది, ఎందుకంటే అక్షరాల కట్టుబాటు కవిని పరీక్షిస్తుంది, సంఘటనల కట్టుబాటు పాత్రలను కూడా పరీక్షిస్తుంది.

కట్టమంచి రామలింగారెడ్డి కవిత్వతత్త్వ విచారము 1914లో వచ్చింది. సూరనను కథాశిల్పిగా చూడటం మన విమర్శకు నేర్పిన పుస్తకం అది. వర్ణనల మీద మోజుతో కావ్యాలను తూచే రోజుల్లో, కథ కట్టడం కూడా ఒక విద్యే అని గట్టిగా చెప్పడానికి ఆయన ఈ కావ్యాన్ని పట్టుకున్నాడు. అయితే సూరనలో లోటు లేదని నేననను. పాప కథ చెప్పేశాక ముడులన్నీ వీడిపోతాయి. చివరి ఆశ్వాసాల్లో దిగ్విజయం, పెళ్లి, కాపురం మామూలు ప్రబంధ ఫక్కీలో సాగుతాయి. ఏ ప్రశ్నా మిగలని చోట వర్ణన ఎంత అందంగా ఉన్నా కాలు ఈడ్చుకుంటూ నడిచినట్టే ఉంటుంది. ఈ లోపం కూడా అతని పద్ధతి గురించే చెబుతోంది. రకరకాల కథలు ఒకదానికొకటి బాకీ పడి ఉన్నంతసేపే ఆ కావ్యానికి ప్రాణం.

రకరకాల కథలు ఒకదానికొకటి ఇలా బాకీ పడటం వేరే చోట్లా కనిపిస్తుంది. మేరీ షెల్లీ ఫ్రాంకెన్‌స్టైన్ 1818లో వచ్చింది. దయ్యాల కథలు ఉండే పాడుబడ్డ చీకటిలోకి ఆమె ప్రయోగశాలను తెచ్చింది. దయ్యం ఉండాల్సిన చోట మనిషి చేసిన మనిషి నిలబడ్డాడు కాబట్టే ఆ భయం కొత్తది. మన దగ్గర సింగీతం శ్రీనివాసరావు 1991లో ఆదిత్య 369 తీసినప్పుడు హెచ్.జి. వెల్స్ కాలయంత్రాన్ని నేరుగా 1526లో కృష్ణరాయల కొలువుకు నడిపించాడు. సైన్స్ కథను జానపద సినిమా ప్రేక్షకుడు తనదిగా చేసుకున్నాడంటే కారణం ఆ మజిలీయే. కాలయంత్రం దిగిన చోట తెనాలి రామకృష్ణుడు ఎదురైతే, ఇక పరాయితనం ఎక్కడుంది? యంత్రం పని మనిషిని అక్కడికి చేర్చడంతో అయిపోలేదు, వజ్రం దొంగతనం అనే నేరకథ రెండు కాలాలనూ కలిపి కుట్టింది. సింగీతం, మాయాబజార్ తీసిన కె.వి. రెడ్డి దగ్గర పనిచేసినవాడు. వింతను వింతగా కాక ఇంటి విషయంలా చూపడం ఆ గురుకులంలో నేర్చిన విద్యే.

కళాపూర్ణోదయం పద్యాలు ఒక్కసారిగా మింగుడుపడవు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి చేసిన ఇంగ్లీషు అనువాదం 2002లో అమెరికాలో అచ్చయింది. తెలుగు పద్యంతో అలవాటు తప్పినవాళ్లు కథ దారి పట్టుకోవడానికి అది బాగా పనికొస్తుంది. దారి తెలిశాక తెలుగులోకి రావాలి. నా సలహా ఏమంటే, టీకాతాత్పర్యాలున్న ప్రతి సంపాదించి, మొదటిసారి వర్ణనలు దాటేస్తూ, ఎవరు ఎవరికి ఏం చెప్పారో, ఏం చెప్పకుండా ఆపారో గుర్తుపెట్టుకుంటూ శాలీనుడి తోట దాకా వెళ్లండి. అక్కడ మాత్రం ఒక్క పద్యం కూడా వదలకండి.