ఎడారిదారిలో ఒక కుటుంబము
(ఒక యాత్రావృత్తాంత విమర్శ)

ఈ సంచికకు గ్రంథవిమర్శ యొకటి వ్రాయుడని సంఘమువారు మమ్ము కోరిరి. మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, ముప్పదియైదేండ్లు గుమాస్తాపని చేసి విశ్రాంతి గొన్నవారము, పండితులము గాము. అయినను కాగితము చదివి, అందేమి యున్నదో, ఏమి లేదో చెప్పుట మా వృత్తి. ఆ ధైర్యముతో అచ్చుపడని గ్రంథము నొకదానిని విమర్శింప బూనితిమి. అమెరికాలోని ఫీనిక్సు నగరమున నున్న మా కుమారుడు, గత మార్చినెలలో బడులకు వసంతకాలపు సెలవు లీయగా, భార్యాబిడ్డలతో కారులో చేసిన ఎడారియాత్రను గూర్చి వ్రాసి పంపిన వృత్తాంతమది. 32 పుటలు. బరంపురమున మా యింట దానిని మూడుమాఱులు చదివితిమి.

యాత్రాగ్రంథమునకు మన భాషలో ఒరవడి లేకపోలేదు. చెన్నపట్టణపు సుప్రీంకోర్టున ఇంటర్‌ప్రిటరుగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో కుటుంబముతో కాశికి బయలుదేరి, 1831లో మా గంజాము సీమమీదుగా మరలిరి. దారిపొడవున మిత్రునకు వ్రాసి పంపిన సంగతులే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా వెలువడినవి. ఏ మజిలీలో నీరు మంచిది, ఏ యూర అంగళ్లున్నవి, అచటి జనులెట్టివారు అనునవి అందు ముఖ్యములు. ఆ కొలతతోనే మావాని వ్రాతను కొలిచితిమి.

ముందుగా గుణములు. ఫీనిక్సునుండి గ్రాండ్ కాన్యను, మాన్యుమెంటు వ్యాలీ, పేజి చూచి మరల ఫీనిక్సు చేరిన 800 మైళ్ల చుట్టులో పెట్రోలు, బస, భోజనము పైసలతోసహా లెక్క కుదిరినది. ఏ ఆడిటరును తప్పు పట్టలేడు. వర్ణనయు నొకచోట మెచ్చదగినది. ఎడారియని పలుచని బట్టలతో పోయిన పిల్లలు, 7,000 అడుగుల యెత్తున నున్న కాన్యను దక్షిణపుటంచున మంచు చూచి, ఒక్క దుప్పటిని ఇద్దఱును కప్పుకొని, మైలు లోతున్న ఆ లోయలోనికి తొంగిచూచిరట. ఆ దుప్పటి యొక్కటి నూఱు విశేషణములకు సాటి.

ఇక లోపములు. లోయలోని శిఖరములకు విష్ణుదేవాలయము, శివదేవాలయము అను పేళ్లుండుట చూచి, మనవా రెన్నడో అచటికి పోయియుందురని మావాడు పొంగినాడు. అవి 1880 ప్రాంతమున ఆ భూమిని పరిశీలించిన క్లారెన్స్ డటన్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు పెట్టిన పేళ్లు. మనవారి అడుగుజాడలు కావు. ఆ లోయలో తరతరములుగా కాపురమున్న హవాసుపాయ్ జనుల పేరు మాత్రము ఎచ్చటను లేదు. పేజివద్ద కొలరాడో నదిపై నున్న గ్లెన్ కాన్యను ఆనకట్ట యెత్తు 710 అడుగులని వ్రాసెను. తన యింటి కుళాయికి వచ్చు నీటిలో కొంత ఆ నదిదే యని వ్రాయలేదు. ఎడారిలో నీటిమాట మఱచిన యాత్రికుని ఏమనవలెను?

మాన్యుమెంటు వ్యాలీ నవాహో జనుల భూమి. 1864లో సైన్యము వారిని మూడువందల మైళ్లకు పైగా నడిపించి నిర్బంధించెను. 1868లో సంధి జరిగి వారు తమ నేలకు మరలిరి. పిమ్మట బడులలో వారి బిడ్డలు తమ భాష మాటాడిన దండించిరి. రెండవ ప్రపంచయుద్ధమున ఆ భాషయే శత్రువులకు అంతుపట్టని సంకేతమై అమెరికా సైన్యమునకు అక్కఱకు వచ్చెను. ఆ నేలమీద కారు నడపిన మావాడు, “ఎఱ్ఱరాళ్లు అద్భుతము” అని ఊరకుండెను.

అన్నిటికంటె పెద్దలోపము వేఱు. కుటుంబయాత్ర యను పేరేగాని కుటుంబము కానరాదు. వెనుకసీటులోని పిల్లలు ఒక్కమాటయైన ఆడరు. కోడలు దారిపటము చూచును; నవ్వదు. మేమెన్నడును చూడని ఆ యెడారిలో మేము వెదకినవి రాళ్లు కావు.

చివర, పదేండ్ల మా మనుమరాలు వ్రాసిన పుట యొకటి కలదు. అరిజోనా రాష్ట్రము ఏటేట గడియారమును ముందునకు జరుపదు; అందలి నవాహో ప్రాంతము జరుపును. ఆ సంగతి తెలియక మావారు మాన్యుమెంటు వ్యాలీకి గంట ఆలస్యముగా చేరిరి. తాము ఏర్పఱచుకొన్న జీపు వెడలిపోయెను. తండ్రి దీనిని “గంట వృథా” యని ఒక్క పంక్తిలో ముగించినాడు. పిల్ల యిట్లు వ్రాసినది:

“అక్కడ ఒక ముసలమ్మగారు మనవడితో వాళ్ల భాషలో మాట్లాడారు. వాడు ఇంగ్లీషులో జవాబు చెప్పాడు. ఆవిడ మళ్లీ వాళ్ల భాషలోనే అడిగారు. ఫోనులో మా మామ్మ లాగే.”

అక్షరదోషములు రెండు దిద్దితిమి, మాటలు దిద్దలేదు. మూడుతరములుగా ఒడియా నేర్చి, ఇంట తెలుగు నిలుపుకొన్న మాబోంట్లకు ఆ ముసలమ్మ యెవరో చెప్పనక్కఱలేదు. ఆ గంట వృథా కాలేదని మా తీర్పు. వీరాస్వామయ్యగారు చదివినను ఈ పుటనే ఏఱియుందురని మా నమ్మకము.

కుమారునకు మా సలహా యొక్కటే: మరల వ్రాయుము, ఈమాఱు వెనుకసీటునుండి ఆరంభింపుము. మనుమరాలికి సలహా యేమియు లేదు. రెండవపుటకై ఎదురుచూచుచున్నాము.