సలమాంకా నుంచి మున్నేరు దాకా

అంతర్జాతీయ చట్టం చరిత్ర మీద ఉపన్యాసాలు చాలావరకు 1539 దగ్గర ఎత్తుకుంటాయి. ఆ ఏడాది సలమాంకా విశ్వవిద్యాలయంలో ఫ్రాన్సిస్కో డి విటోరియా పాఠం చెబుతూ అమెరికా మూలవాసులకూ హక్కులున్నాయన్నాడు. ఆంటొనీ ఆంఘీ 2005లో తెచ్చిన పుస్తకంలో ఆ మంచిపేరునే నిలదీశాడు: స్పెయిన్ వాళ్ల రాకపోకల్నీ వ్యాపారాన్నీ అడ్డుకుంటే యుద్ధం న్యాయమేనని కూడా విటోరియా అన్నాడు కదా! రూలు ఇద్దరికీ ఒకటే. ఓడలు మాత్రం ఒకరివే.

ఈ చదువు అవసరమైందే. కానీ సామ్రాజ్యం గుట్టు విప్పి అక్కడే ఆగిపోతే సగం పాఠమే. ఖమ్మం వైపు నుంచి వచ్చి, కీసర దాటి కృష్ణలో కలిసే మున్నేరుని చూడండి. 2014 నుంచి అది రెండు రాష్ట్రాల ఏరు. 2023 జూలైలో దాని వరద ఐతవరం దగ్గర హైవే ఎక్కింది. ఇక్కడ వర్తించేది దేశాల మధ్య చట్టం కాదు, నిజమే. అయినా ఎగువవాడు దిగువవాడికి ఏం బాకీ అన్న ప్రశ్న అదే. పెమ్మరాజు శ్రీనివాసరావు ప్రత్యేక నివేదకుడిగా ఉండగా అంతర్జాతీయ లా కమిషన్ 2001లో పూర్తిచేసిన ముసాయిదా సరిగ్గా దీని గురించే: సరిహద్దు దాటే హాని ఉంటే ముందే చెప్పు, కూర్చుని మాట్లాడు.

విటోరియాకిచ్చే గంటలో పావుగంట దీనికిస్తే, ఆ చరిత్ర కీసర కుర్రాడికి కూడా తన పాఠమే అవుతుంది.