లేదా? ఇంకా రాలేదా?

కొన్నేళ్ల కిందట, లినక్స్ 5.10 కెర్నెల్ నడిచే ఒక కొత్త బోర్డు మీద టచ్‌స్క్రీన్ నన్ను రెండు రోజులు తిప్పలు పెట్టింది. బూట్ అవుతుండగా చిప్ చక్కగా పలికేది, బూట్ పూర్తవగానే మూగబోయేది. లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. సోల్డరింగ్ చూశాం, కేబుల్ మార్చాం. చివరికి తప్పు నేను రాసిన డ్రైవర్‌లోనే, రెండు లైన్లలో దొరికింది. క్లాక్ అడుగు, ఎర్రర్ వస్తే, అది ఏ ఎర్రరైనా సరే, క్లాక్ లేదనుకుని ముందుకు సాగు. కొన్ని బోర్డుల్లో ఆ చిప్‌కి బయటి క్లాక్ ఉండదు కాబట్టి అలా రాశాను. ఈ బోర్డులో ఉంది. దాన్ని ఇచ్చే డ్రైవర్ అప్పటికింకా లేవలేదు, అంతే. బూట్‌లోడర్ ఆన్ చేసి వదిలిన క్లాక్‌తో చిప్ కాసేపు నడిచింది. బూట్ చివర్లో, ఎవరూ వాడుకోని క్లాకులను కెర్నెల్ ఆపేస్తుంది. దీన్నీ ఆపేసింది.

కిరాణా కొట్టులో కందిపప్పు అడిగితే "మేం అమ్మం" అన్నా, "లోడ్ ఇంకా రాలేదు, సాయంత్రం రండి" అన్నా, "బస్తాలన్నీ తడిసిపోయాయి" అన్నా మన సంచి ఖాళీయే. కానీ ఆ మూడు మాటలకీ మనం చేసే పని వేరు. నేను మూడింటినీ ఒకే చెవితో విన్నాను.

కెర్నెల్ డ్రైవర్లు రాసేవాళ్లు ఏళ్ల తరబడి మలుచుకున్న పద్ధతి ఈ మూడింటినీ విడివిడిగా వింటుంది. పాయింటర్ విలువల్లో చిట్టచివరి 4095 ఎర్రర్‌ల కోసం కేటాయించి ఉన్నాయి. నల్ వాటిలో లేదు. అందుకే నల్‌కి వేరే అర్థం ఇవ్వగలిగారు: ఈ బోర్డులో ఆ వస్తువు లేదు, అది తప్పు కాదు. 2019లో 5.1తో వచ్చిన 'క్లాక్ గెట్ ఆప్షనల్' చేసేది ఇదే. క్లాక్ ప్రస్తావనే లేకపోతే నల్ ఇస్తుంది, మిగతా ఎర్రర్‌లను ఉన్నవున్నట్టు అందిస్తుంది. నాకు బాగా నచ్చేది ఆ తర్వాతి మెట్టు. ఆ నల్‌నే తీసుకెళ్లి క్లాక్ ఆన్ చేయమంటే, ఫంక్షన్ ఏమీ చేయకుండా సున్నా, అంటే సరే, అంటుంది. ఇక డ్రైవర్‌లో అడుగడుగునా 'క్లాక్ ఉందా' అని చూసుకోనక్కర్లేదు. రీసెట్ జీపీఐఓ లాంటి పిన్నులకూ ఇదే మర్యాద.

"ఇంకా రాలేదు" అనే మాటకి ఒక అంకె ఉంది: మైనస్ 517, ప్రోబ్ డిఫర్. 2012లో 3.4 కెర్నెల్‌తో వచ్చింది. డ్రైవర్ దాన్ని అలాగే పైకి పంపితే చాలు. కెర్నెల్ ఆ డివైస్‌ని పక్కన పెట్టుకుని, మరో డివైస్‌కి డ్రైవర్ కుదిరినప్పుడు మళ్లీ పిలుస్తుంది. ఈ అంకెను మింగేయడమే నేను చేసిన తప్పు.

ఈ సంప్రదాయంలో నన్ను ఇప్పటికీ బాధించే లోటు ఒకటుంది. 'ఆప్షనల్' అనే మాటకి అన్నిచోట్లా ఒకే అర్థం లేదు. రెగ్యులేటర్‌ని మామూలుగా అడిగితే, బోర్డు వివరాల్లో లేకపోయినా ఉత్తుత్తి రెగ్యులేటర్ చేతిలో పెడతారు. ఆప్షనల్‌గా అడిగితే నల్ రాదు, మైనస్ 19 వస్తుంది. ఆ ఒక్క అంకెనే 'లేదు' అని తీసుకుని, మిగతావన్నీ పైకి పంపాలి. ఇంటరప్ట్ దగ్గరైతే ఆప్షనల్ అంటే లాగ్‌లో ఎర్రర్ రాయదనే అర్థం. లేకపోతే మైనస్ 6 వస్తుంది. పేరు చూసి నమ్మకుండా, ప్రతిసారీ ఫంక్షన్ పైనున్న కామెంట్ చదవాల్సిందే.

నా రెండు లైన్లు తీసేసి ఆప్షనల్ క్లాక్ పెట్టాను. ఎర్రర్ వస్తే 2020లో 5.9తో వచ్చిన 'డెవ్ ఎర్ ప్రోబ్' ద్వారా వెనక్కి పంపాను. మామూలు ఎర్రర్ అయితే అది లాగ్‌లో రాస్తుంది. 517 అయితే లాగ్‌ని నింపకుండా కారణాన్ని దాచి ఉంచుతుంది. టచ్ పని చేసింది. ఆ తర్వాత కావాలనే క్లాక్ డ్రైవర్‌ని తీసేసి బూట్ చేశాను. స్క్రీన్ పలకలేదు. డీబగ్ ఎఫ్ఎస్‌లో 'డివైసెస్ డిఫర్డ్' ఫైల్ తెరిస్తే ఒకే లైన్: టచ్ చిప్ పేరు, పక్కనే క్లాక్ దొరకలేదని నేను రాసిన వాక్యం.