బండి పొట్ట నేలకు తగలకుండా

బాబాయ్ బండి వంక చూశాడు, నా వంక చూశాడు, మళ్లీ బండి వంక చూశాడు. "ఏటమ్మా, తాటిచెట్టు కొన్నావా?" అన్నాడు.

అండమాన్‌లోని ప్రోతరాపూర్‌లో ఆయనది రేకుల షెడ్డు. వాళ్ల నాన్న సోంపేట వైపు నుంచి ఓడెక్కి వచ్చిన మనిషి. షెడ్డుకి బెంగాలీ వచ్చినా తమిళుడు వచ్చినా మాట హిందీలోనే నడుస్తుంది. తిట్టడానికీ నవ్వడానికీ మాత్రం ఆయనకు శ్రీకాకుళం కావాలి. మాకు చుట్టరికమేమీ లేదు, ఊరి వరసకు బాబాయ్.

తాటిచెట్టు అన్నది నేను సెకండ్‌హ్యాండ్‌లో కొన్న హిమాలయన్ 411ని. దాని సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు. నేను ఐదడుగుల ఒక అంగుళం. అంతకుముందు నడిపింది స్ప్లెండర్, దాని సీటు 785. తేడా ఒకటిన్నర సెంటీమీటరే కదా, ఆ మాత్రం నడపలేనా అనుకున్నాను. నడిపాను. ఆగడమే చేతకాలేదు.

అంకె ఒక్కటే చూస్తే ఇలాగే మోసపోతాం. స్ప్లెండర్ సీటు సన్నం, కాళ్లు తిన్నగా కిందికి దిగుతాయి. దీని సీటు వెడల్పు, తొడలు పక్కలకు విచ్చుకుని కాలి పొడవును అక్కడే తినేస్తాయి. పైగా స్ప్లెండర్ 112 కిలోలు, ఇది దాదాపు 200. ఒరిగిందంటే మునివేళ్లతో నిలబెట్టే బరువు కాదు.

ఇంకో సంగతి నేను పడ్డాకే గమనించాను. మన రోడ్లు మధ్యలో ఎత్తుగా, అంచుకు వాలుగా ఉంటాయి. మనం పోయేది ఎడమ పక్క. అంటే ఆగినప్పుడు దించే ఎడమ కాలికి నేల ఎప్పుడూ కాస్త లోతులోనే ఉంటుంది. వానకు అంచు కోసుకుపోయిన చోట ఆ లోతు అంగుళం కాదు, మూడంగుళాలు. ఇక్కడ ఏ దారి చూసినా ఎక్కడమో దిగడమో కాబట్టి కుడి కాలు వెనక బ్రేకు మీద ఉండి తీరాలి. అది వదిలి రెండో కాలు దించితే బండి జారుతుంది.

"ముందు సీటు చూద్దుమా. ఇనప్పని తర్వాత" అన్నాడు బాబాయ్.

సీటు విప్పి బోర్లా పెట్టి, రెక్సిన్ పట్టుకున్న పిన్నులు ఒక్కొక్కటే స్క్రూడ్రైవర్ మొనతో లేపాడు. తొక్క ఒలిచినట్టు రెక్సిన్ వచ్చేసింది. కింద పసుపు రంగు ఫోము. దాని మీద నన్ను కూర్చోబెట్టి, తొడలు ఒరుసుకునే చోట స్కెచ్ పెన్నుతో గీత గీశాడు. హాక్సా బ్లేడుకి ఒక కొనకు గుడ్డ చుట్టి, రొట్టె కోసినట్టు పొరలు పొరలుగా కోశాడు. పైనుంచి అంగుళం కూడా తియ్యలేదు, ముందరి రెండు మూలలు మాత్రం బాగా తీశాడు. చివర్న గరుకు కాగితంతో రుద్దుతుంటే ఆయన మీసాలు పచ్చబడ్డాయి. ఎక్కువ తియ్యమని అడిగితే వేలితో ఫోము నొక్కి చూపించాడు. అడుగున ప్లాస్టిక్ తట్ట వేలికి తగిలిందంటే, ముప్పై కిలోమీటర్లు పోయేసరికి మన వెన్నుపూస చివరకీ తగులుతుంది.

రెక్సిన్ కుట్టే ముందు పాలిథిన్ షీటు ఒకటి పరిచాడు. ఇది అండమాన్ పని. దేశంలో అందరికంటే ముందు, కేరళ కంటే కూడా ముందు, మే నెలలోనే నైరుతి మాకు తగులుతుంది. ఏడాదికి కురిసేది 3000 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. సూది కన్నాల్లోంచి నీళ్లు దిగితే ఫోము స్పాంజిలా తాగేస్తుంది, పైన ఎండగా ఉన్న రోజు కూడా ఆఫీసుకి తడిసిన బట్టలతోనే వెళ్లాలి.

ఆ రోజు బండి ఎక్కితే ఎడమ పాదంలో ముందరి సగం ఆనింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కాలమ్ ఇంత పొడవు అయ్యేది కాదు.

పాదం మొత్తం ఆనాలని ఆశ పుట్టింది. ఈ బండి వెనక మోనోషాక్‌కీ స్వింగ్ ఆర్మ్‌కీ మధ్య లింకు ఉంటుంది. అందులో రెండు ఇనుప పట్టీలు. వాటి స్థానంలో కాస్త పొడవైన పట్టీలు వేస్తే వెనక భాగం కిందికి దిగుతుంది. పట్టీలో కొద్ది మిల్లీమీటర్లే పెరిగినా సీటు అంతకు మించి దిగుతుంది. మెయిన్‌ల్యాండ్ నుంచి తెప్పించి, బాబాయ్‌కి చెప్పకుండా వేరే చోట బిగించుకున్నాను. సీటు ఒకటిన్నర అంగుళం దిగింది. పాదం ఆనింది. నా సంబరం వారం రోజులు.

వెనక దిగింది, ముందు దిగలేదు. అంటే బండి మొత్తం మోర ఎత్తినట్టయింది. ముందు ఫోర్కు వాలు పెరిగి, మలుపుల్లో హ్యాండిల్ మాట వినడం మానేసింది. చిడియాటాపు అడవి దారిలో, నేను తిప్పిన చోట కాక అది తిరగదలచిన చోట తిరిగేది. హెడ్‌లైటు చెట్ల కొమ్మలు చూస్తోంది. ఎదురొచ్చే బస్సు డ్రైవర్లు లైట్లు కొట్టి మరీ తిట్టారు. వెనకాల చెల్లిని ఎక్కించుకుంటే స్పీడ్ బ్రేకర్ దగ్గర ఇంజను కింది రేకు గరగరమంది. మెయిన్ స్టాండు వెయ్యాలంటే ఇద్దరు కావాలి, ఎందుకంటే దిగిన బండిని అంత మేరా పైకి లేపాలి. సైడ్ స్టాండుది తిరకాసు. బండి దిగింది గానీ స్టాండు పొడవు అంతే ఉంది కదా, దాని మీద ఒరగాల్సిన బండి దాదాపు నిటారుగా నిలబడుతోంది.

గారాచరమ బజార్లో వాలు మీద పెట్టి కూరలు కొంటున్నాను. ఎవరూ ముట్టుకోలేదు. గాలో, పక్క నుంచి లారీ పోయిన ఊపో తెలియదు, కుడి పక్కకు పడింది. బ్రేకు లీవరు విరిగింది. ఇక్కడి షాపుల్లో లేదు. చెన్నై నుంచి దాదాపు 1200 కిలోమీటర్లు ఓడలో రావాలి. లీవరు వచ్చేదాకా నడక.

అప్పుడు బాబాయ్ దగ్గరికి వెళ్లాను. తిట్టలేదు. కింద కూర్చుని లింకు వంక చూసి, "నీ కాళ్లు నేలకి అందాల గానీ, బండి పొట్ట అందకూడదమ్మా" అన్నాడు.

వెనక ఎంత దించితే ముందూ ఆ లెక్కకు దించాలట. ఫోర్కు పైపుల్ని పట్టుకునే టీ బోల్టులు వదులు చేసి వాటిని కాస్త పైకి జరపాలి, అదీ టైరు పైకొచ్చినప్పుడు మడ్‌గార్డు ఎక్కడా తగలకుండా. సైడ్ స్టాండు మధ్యలో ముక్క కోసి మళ్లీ వెల్డింగు పెట్టాలి, పాదం రేకు కోణం సరిచూసుకోవాలి. గొలుసు వదులు మనిషి కూర్చున్నాక చూడాలి. లైటు దించాలి. వెల్డింగు స్టాండు దగ్గరే ఆగాలి, ఫ్రేము దాకా పోకూడదు. బండి నిర్మాణం ఇష్టం వచ్చినట్టు మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఎటూ ఒప్పుకోదు. ఇదంతా విన్నాక నాకు అర్థమైంది, నేను కొన్నది రెండు పట్టీలు కాదు, ఐదు పనులు. అందులో ఒకటే చేయించుకున్నాను.

స్ప్రింగు వదులు చేస్తే చాలు, ఖర్చు లేకుండా బండి దిగుతుందని చెప్పేవాళ్లు ప్రతి టీ కొట్టు దగ్గరా ఉంటారు. కొద్దిగా దిగుతుంది, నిజమే. కానీ గుంట రాగానే షాక్ అడుగంటా కూర్చుండిపోయి దెబ్బ నడుముకు కొడుతుంది. నా మాట వినండి, స్ప్రింగు మీ బరువుకు తగ్గట్టు ఉంచండి. ఎత్తు కోసం దాన్ని ముట్టుకోవద్దు.

కంపెనీలకూ ఈ బాధ తెలుసు. హిమాలయన్ 450 సీటు 825కో 845కో పెట్టుకోవచ్చు, విడిగా కొంటే 805 సీటూ ఉంది. 2021లో వచ్చిన హార్లే పాన్ అమెరికా స్పెషల్‌కు, ఆగేటప్పుడు తనంతట తనే కిందికి దిగే సదుపాయం ఉంది. దాని ధరకు ప్రోతరాపూర్‌లో నాలుగు గదుల మీద రేకులు మార్పించవచ్చు.

పొట్టివాళ్లకు పెద్ద బండి ఎందుకు అనేవాళ్లకు డానీ పెడ్రోసా పేరు చెబుతాను. ఐదడుగుల మూడంగుళాల మనిషి. 2003లో 125 సీసీ, 2004, 2005లో 250 సీసీ ప్రపంచ చాంపియన్. మోటోజీపీలో 31 రేసులు గెలిచాడు. అయితే గ్రిడ్ మీద ఆయన బండి పట్టుకోవడానికి మనుషులుండేవాళ్లు. గారాచరమలో నాకు కూరల కొట్టు అక్క ఒక్కతే దిక్కు.

చివరికి పట్టీలు తీయించేశాను. స్టాండు కోయించలేదు కాబట్టి అతికించే పని తప్పింది. కోసిన సీటు అలాగే ఉంది. మడమ దళసరి బూట్లు కొన్నాను. తుంటి కొద్దిగా ఎడమకు జార్చి ఒక్క కాలితో ఆగడం బాబాయ్ షెడ్డు ముందు రెండు ఆదివారాలు నేర్చుకున్నాను. ఆగబోయే చోట నేల ఎటు ఎత్తుగా ఉందో పది గజాల ముందే కళ్లు వెతుకుతున్నాయి.

ఆ పట్టీలు ఇప్పుడు బాబాయ్ షెడ్డులో మేకుకు వేలాడుతున్నాయి. ఎవరికైనా కావాలంటే ఊరికే ఇచ్చేస్తాడు. స్టాండు కోయించుకుంటామని ముందు మాటివ్వాలి.